ఇరవై అడుగుల మేష్టారు

ఆ రోజుల్లో ఒక మనిషి పెద్దవాడయ్యాడని ఊరికి తెలియాలంటే నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సు కట్టాల్సిందే. ఈ రోజుల్లోనూ అంతే అనుకోండి. అప్పుడు నాకది సరదాగా ఉండేది, ఇప్పుడు నడుం నొప్పిగా ఉంటోంది, అదొక్కటే తేడా. విజయనగరంలో ఫ్లెక్సు ప్రింటింగు షాపు నడపడమంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పొద్దున్నే ఒక పుట్టినరోజు, మధ్యాహ్నం ఒక చావు, సాయంత్రం ఒక ఓణీల ఫంక్షను. మూడింటికీ నవ్వుతున్న ఫొటోనే పంపిస్తారు (చావుకి కూడా. "అదొక్కటే క్లియరుగా ఉందండి" అంటారు). ఈ మధ్య వీటికి భోగాపురం ప్లాట్లు తోడయ్యాయి. "విమానాశ్రయానికి పది నిమిషాలు" అని నేను ప్రింటు కొట్టిన లేఅవుట్లన్నీ నిజంగా పది నిమిషాల దూరంలోనే ఉంటే విమానం దిగడానికి చోటు మిగిలేది కాదు. ఓపిక అయిపోయిందండీ. అయినా ఎవరైనా కౌంటరు దగ్గర నిలబడి "మంచి క్వాలిటీది కావాలండి, ఏ రకం తీసుకోమంటారు?" అని అడిగితే మాత్రం నేనొక నిమిషం మాట్లాడను. రేటు లెక్క వేసుకుంటున్నానని వాళ్లనుకుంటారు. నాకేమో నా జీవితంలో నిజంగా క్వాలిటీగా తయారు చేసిన ఒకే ఒక్క ఫ్లెక్సు గుర్తొస్తుంది.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీ పూర్తయింది, ఉద్యోగం రాలేదు, మా పెదనాన్నగారి అల్లుడి షాపులో కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆయన నాకు బావ, షాపుకి ఓనరు, కాబట్టి ఊరంతా ఓనరు బావ అనేది. ఓనరు బావకి క్వాలిటీ మీద గట్టి అభిప్రాయాలే ఉండేవి. "ఒరే, ఫ్లెక్సుని ఎవుడూ దగ్గిరికొచ్చి సూడడు. బస్సులోంచి సూస్తాడు. సూసేలోపు బస్సు ఎలిపోద్ది. నువ్వు కూకోని ఎంటిక ఎంటికా దిద్దుతావేటి?" అనేవాడు. అందుకని మా షాపులో అన్నీ పల్చటి రకమే. ఎండకి ఎత్తి పట్టుకుంటే అవతల నిలబడ్డ మనిషి చొక్కా రంగు చెప్పేయవచ్చు. మిషను ఎంత వేగంగా పరిగెత్తగలదో అంత వేగంగా పరిగెత్తించేవాడు. ముఖాల మీద అడ్డంగా సన్నటి గీతలు పడేవి. ఎవరైనా అడిగితే "ఎండకి ఆరినాక పోతాయి" అనేవాడు. అవెప్పుడూ పోలేదు. ఈలోపు పుట్టినరోజు అయిపోయేది.

ఆయన నాకు మొదటి రోజే నేర్పిన పాఠం ఇంకొకటుంది. ఇది ఫ్లెక్సు పని చేసే ప్రతివాడూ నేర్చుకునేదే. "మనిషి ఎప్పుడూ ఫ్లెక్సు లోపలికి సూడాల. బయటికి సూసినాడంటే కూడలి దాటి ఎలిపోతన్నట్టుంటాది. డబ్బులెట్టి కట్టించుకున్నోడు ఎక్కడికి ఎలిపోతన్నాడ్రా అని జెనం నవ్వుతారు." కాబట్టి ఎవరి ఫొటో బయటికి చూస్తున్నా దాన్ని అడ్డంగా తిప్పేయడమే. ఒక్క నొక్కుతో కుడి ఎడమైపోతుంది, మనిషి లోపలికి చూస్తాడు. మా చేతిలో పడ్డ నాయకుల్లో సగంమందికి వాచీ కుడిచేతికి మారింది, చొక్కా జేబు అటు నుంచి ఇటు వచ్చింది, పాపిడి దిక్కు మార్చుకుంది. ఒకాయన పుట్టుమచ్చ ఈ చెంప నుంచి ఆ చెంపకి దూకితే ఆయన భార్య కూడా ఏమీ అనలేదు. నెల తిరిగేసరికి ఆ తిప్పడం నా చేతికి కనురెప్ప వేయడమంత అలవాటైపోయింది.

ఇప్పుడు మేష్టారి సంగతి. మా సొంత ఊరు బొబ్బిలి. మా తాతగారు గుళ్లో కీర్తనలు పాడేవారు, మా నాన్నగారు సంగీతం పాఠాలు చెప్పేవారు, ఇంటిల్లిపాదిలో శ్రుతి అంటే ఏమిటో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. పదేళ్లప్పుడు నన్ను వీణ మేష్టారి దగ్గర కూర్చోబెట్టారు. రెండేళ్లు కూర్చున్నాను. రెండేళ్ల తర్వాత మేష్టారు మా నాన్నగారిని పిలిచి "వీడి చెయ్యి మంచిదేనండీ, వీడే ఇక్కడ లేడు" అని మర్యాదగా అప్పజెప్పేశారు. ఆయన తిట్టి పంపించినా నాకింత గుర్తుండేది కాదు. ఆయన అప్పటికే నలభై ఏళ్లుగా తన వీధి అరుగు మీద పాఠం చెబుతున్నారు. శిష్యులు కచేరీలు చేశారు, పతకాలు తెచ్చుకున్నారు. మేష్టారు మాత్రం ఒక్క వేదిక ఎక్కలేదు. ఎవరైనా పిలిస్తే పాఠం ఉందనేవారు. అలాంటి మనిషిని ఊళ్లో సంగీత సభవాళ్లు మూడుసార్లు బతిమాలి సన్మానానికి ఒప్పించారు. ఆయనకిది మొదటి సన్మానం. ఆయన వయసు చూస్తే ఇదే ఆఖరిది కూడా కావచ్చునని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. వేదిక వెనక కట్టే ఇరవై అడుగుల ఫ్లెక్సు పని, నేను ఊరివాణ్ణి కాబట్టి, నాకే వచ్చింది.

నాకు నిజంగా హుషారు వచ్చేసింది. ఈ ఫ్లెక్సు కింద ఆయన కూర్చుంటారు, ఒక్కసారైనా తలెత్తి చూస్తారు, వీడు వీణ నేర్చుకోలేదు గానీ ఏదో ఒక పని సరిగ్గా నేర్చుకున్నాడు అనుకుంటారు. నాకు కావలసింది ఆ ఒక్క ముక్కే. మా నాన్నగారు నా ఉద్యోగాన్ని "రంగుగుడ్డల వ్యాపారం" అనేవారు, ఆయనకి కూడా జవాబు దొరుకుతుంది. సభ సెక్రటరీ గారు (రిటైరైన హెడ్మాస్టరు, చేతిలో ఎప్పుడూ గొడుగు ఉండేది) మేష్టారి పాత బస్సు పాసు మీంచి ఊడదీసిన ఫొటో పట్టుకొచ్చారు. తపాలా బిళ్లంత ఉంది, చెంప మీద సగం ముద్ర. "దీన్ని పెంచితే మేష్టారు కనిపించరండీ, ముద్రే కనిపిస్తుంది" అన్నాను. స్టూడియోవాడి దగ్గర కెమెరా అరువు తీసుకుని స్వయంగా బొబ్బిలి వెళ్లాను. మేష్టారు ఉతికిన ఉత్తరీయం వేసుకుని, వీణ ముందు కూర్చుని, ఫొటో అని మర్చిపోయి వాయించడం మొదలుపెట్టారు. చూపంతా వీణ మెట్ల మీద నడుస్తున్న ఎడమచేతి మీద. అప్పుడు తీశాను. ఇప్పటికీ నేను తీసినవాటిలో అదే మంచి ఫొటో.

తర్వాత వారం రోజులు ఓనరు బావకి నరకం చూపించాను. పల్చటిది వద్దన్నాను. వెనకవైపు నల్లగా, చాపలా మందంగా ఉండే రకం విశాఖపట్నం నుంచి తెప్పించమన్నాను. మిషను నెమ్మదిగా నడపమన్నాను. ముందు ఒక్క అడుగు ముక్క, మేష్టారి వేళ్లు ఉన్నంత మేర, ప్రింటు కొట్టి చూశాను. గోళ్ల మీద తీగ కోసిన గాట్లు కూడా కనిపించాయి. మా షాపులో వెయ్యి ముఖాలు తెల్లగా చేశాను, ఈ ఒక్క ముఖాన్ని ముట్టుకోలేదు.

"మేస్టార్ని నల్లగా ఒగ్గీసినావేట్రా?"

"ఆయన రంగు అదే బావా."

"ఆల రంగు ఆలకి ఇంటికాడ ఉంటాది. ఫ్లెక్సులో కూడా ఎందుకు?" అని గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. మిషను ఒక పూటంతా ఒక్క ఫ్లెక్సు మీదే నడవడం ఆ షాపు చరిత్రలో అదే మొదలు. వచ్చిపోయే కస్టమర్లకి "మా బావమరిదికి పిచ్చి పట్టింది, రేపు రండి" అని చెప్పి పంపించాడు.

అంతకుముందు డిజైను చేసేటప్పుడు, సెక్రటరీ గారు చెప్పిన ప్రకారం ఎడమవైపు సరస్వతీదేవి, మధ్యలో అక్షరాలు, కుడివైపు మేష్టారు. పెట్టాను. మేష్టారి చూపు ఫ్లెక్సు దాటి బయటికి పోతోంది. నా చెయ్యి దానంతటది కదిలింది. ఒక్క నొక్కు. మేష్టారు లోపలికి తిరిగారు, హాయిగా ఉంది. ఆ తర్వాత మూడు రోజులు అదే బొమ్మని చూస్తూ రంగులు సరిచేశాను, ఒక్క అనుమానం రాలేదు. రెండేళ్లు వీణ ముందు కూర్చున్నవాణ్ణి నేనే కదా, నాకే రాకపోతే ఓనరు బావకేం వస్తుంది?

ఫ్లెక్సు మిషనులోంచి అంగుళం అంగుళం బయటికి వస్తూ చుట్టుకుపోతుంది. ఇరవై అడుగులు పరిచి చూసే చోటు మా షాపులో లేదు. మడతపెడితే ముఖం మీద మడత పడుతుందని పెట్టనివ్వలేదు. పది అడుగుల ఎత్తున్న ఆ చుట్టని లగేజీ ఆటోలో వేసి, వెనక పొడుచుకొచ్చిన కొసకి ఎర్రగుడ్డ కట్టి, సన్మానం రోజు తెల్లవారుతుండగా విజయనగరం నుంచి బొబ్బిలి దాకా దాన్ని కావిలించుకుని కూర్చున్నాను. గోతి వచ్చినప్పుడల్లా "మెల్లిగా, మెల్లిగా" అని అరిచాను. ఆటోవాడు చివరికి విసుగెత్తి "లోపల ఎవులున్నారు బాబూ, పేషెంటా?" అని అడిగాడు.

కళ్యాణ మండపంలో నిచ్చెన ఎక్కి, పై తాడు బిగించి, చుట్టని అవతలి కొస దాకా అడ్డంగా లాగించాను. సర్రున విప్పుకుంది. సెక్రటరీ గారు గొడుగు కింద పెట్టేసి "అబ్బ!" అన్నారు. కుర్చీలు వేస్తున్నవాళ్లు దగ్గరికొచ్చి ఉత్తరీయం అంచు వేలితో తడిమి చూశారు, నిజం గుడ్డేమోనని. నేను నిచ్చెన మీదే నిలబడి, దిగాలని లేక, ఆ "అబ్బ" వింటున్నాను. మొదటి వరసలో బుర్రల తాత కూర్చుని ఉన్నాడు. వీణలు చేసే ముసలాయన, వీణ మెడ కింద ఉండే గుండ్రటి బుర్ర బిగించడంలో ఆయనంతటివాడు లేడు కాబట్టి ఆ పేరు. మేష్టారి వీణ ఆయన చేసిందే. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఒరే బాబూ, ఈ వీణ ఎవుడు సేసినాడ్రా?"

మెచ్చుకుంటున్నాడనుకున్నాను. "నువ్వే కదా తాతా. మేష్టారి వీణే."

"నానా? నాను సేసిన వీణకి బుర్ర ఎడం తొడ మీద కదా ఉంటాది? ఇదేటి కుడి తొడ మీద కూకుంది?" తాత గాలిలోనే వీణ పట్టుకున్నాడు. కుడిచేత్తో మీటాడు, ఎడమచెయ్యి మెట్ల మీద నడిపాడు, ఫ్లెక్సు వైపు చూశాడు. "మేస్టారు కుడిసేత్తో మెట్లు నొక్కి ఎడంసేత్తో మీటుతన్నారేటి? అమ్మోరి వీణ ఇటు, మేస్టారి వీణ అటు. ఇద్దురూ ఏటి, పోట్లాడుకుంటన్నారా?"

సెక్రటరీ గారు గాలిలో వీణ పట్టుకున్నారు. కుర్చీలు వేసేవాళ్లు పట్టుకున్నారు. చివరికి నిచ్చెన మీద నేను కూడా, ఒక చేత్తో పట్టు వదలకుండా, రెండో చేత్తో పట్టుకున్నాను. వీణలకి పేరుపడ్డ బొబ్బిలిలో ఇంకేది తప్పు చేసినా చెల్లుతుంది, వీణని తిప్పి పట్టించడం చెల్లదు. అక్కడ టీ కొట్టువాడికి కూడా బుర్ర ఏ వైపు ఉండాలో తెలుసు. అసలు బాధ ఏమిటంటే, అది మా మామూలు ఫ్లెక్సు అయితే ఎవరికీ తెలిసేది కాదు. అది బుర్రో గుమ్మడికాయో, అవి వేళ్లో అరటిపళ్లో ఎవరూ పోల్చుకోలేకపోయేవారు. నేనేమో ఏ మెట్టు మీద ఏ వేలుందో వెనక వరస వాళ్లకి కూడా కనబడేంత శుభ్రంగా కొట్టించాను.

పది గంటలకి కార్యక్రమం. అప్పటికి ఎనిమిదిన్నర. విజయనగరం వెళ్లి మళ్లీ కొట్టించుకుని రావడం జరిగే పని కాదు. ఓనరు బావకి ఫోను చేశాను.

"దానికేటి, తిప్పి కట్టీ. ఎనకనుంచి లైటెయ్యి. సరిగ్గా కనిపిస్తాది."

"వెనక నల్లరంగు బావా. లైటు రాదు."

"మందం రకం కావాలని పేణాలు తీసింది నువ్వే కదేటి!" అని పెట్టేశాడు.

సెక్రటరీ గారు, పల్చటిదే అయినా తిప్పి కడితే అక్షరాలు తిరగబడతాయి కదా అన్నారు. "అచ్చరాలు తిరగబడితే ఈ ఊర్లో ఎవుడేటి అంటాడు? వీణ తిరగబడితే ఊరుకుంటారా?" అన్నాడు బుర్రల తాత. హెడ్మాస్టరుగా బతికిన సెక్రటరీ గారికి ఆ మాట బాగా తగిలింది, ఇద్దరూ కాసేపు దాని మీద వాదించుకున్నారు. ఈలోపు నేను బంతిపూల దండలు తెచ్చి ఫ్లెక్సులో వీణ కనబడకుండా వేలాడదీశాను. మేష్టారు పాఠాలు మానేసి పూలకొట్టు పెట్టుకున్నట్టు కనిపించారు. తీసేశాను.

ఆటో వచ్చి ఆగింది. మేష్టారూ, వాళ్లావిడా దిగారు. ఆవిడ పట్టుచీర కట్టుకున్నారు, ఆయన కొత్త పంచె. నేను ఆఖరి దండ విప్పుతూ నిచ్చెన మీదే ఉన్నాను. దిగాలంటే కాళ్లు రావడం లేదు. మేష్టారు చెప్పులు విడిచి, మధ్యలోంచి నడిచి వచ్చి, వేదిక ముందు నిలబడి తలెత్తి చూశారు. చాలాసేపు చూశారు. నాకు ఆ క్షణంలో వీణ నేర్చుకోనందుకూ, ఫ్లెక్సు నేర్చుకున్నందుకూ, పుట్టినందుకూ కూడా సిగ్గేసింది. "తప్పు నాదేనండీ మేష్టారూ, తిప్పేశాను" అన్నాను పైనుంచే.

ఆయన నా వైపు చూశారు, మళ్లీ ఫ్లెక్సు వైపు చూశారు.

"తప్పేటిరా? ఇదేరా నేను. రోజూ అద్దంలో నాకు కనిపించే మనిషి వీడే. ఫొటోల్లో ఎవడో పరాయివాడు కూర్చున్నట్టుంటాడు. ఇన్నాళ్లకి నాకు నేను కనిపించాను. ఉండనివ్వండి, బాగుంది."

బుర్రల తాత కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. సెక్రటరీ గారు గొడుగు తీసుకున్నారు. శాలువా కప్పారు, తాత చేసిన కొత్త వీణ బహూకరించారు, మేష్టారు ఆ ఫ్లెక్సు కిందే కూర్చుని వాయించారు. ఎలా వాయించారో చెప్పే జ్ఞానం నాకు లేదు. కింద మనిషి వీణ ఒకవైపు, పైన బొమ్మలో వీణ ఇంకోవైపు. చూసినవాళ్లకి నిజంగానే ఆయన పెద్ద అద్దం ముందు కూర్చున్నట్టుంది. నేను వెనక వరసలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని విజయనగరం దాకా ఈల వేసుకుంటూ వచ్చాను.

ఆ మాట నేను తర్వాత ఎన్నిసార్లు వాడుకున్నానో లెక్కలేదు. సొంత షాపు పెట్టుకున్నాక, పాపిడి తిరగబడిందని ఏ కస్టమరు వచ్చినా, "అద్దంలో మీకు కనిపించేది ఇలాగే కదండీ, మా మేష్టారు అంతటివారే..." అని మొదలుపెట్టేవాణ్ణి. పెళ్లిళ్లలో చెప్పాను, మా ఆవిడకి చెప్పాను (ఆవిడ ఇప్పుడు నేను నోరు తెరవగానే వంటింట్లోకి వెళ్లిపోతుంది). తప్పులోంచి కళ పుడుతుందని కూడా ఒకరిద్దరితో అన్నట్టు గుర్తు. అలా పదిహేనేళ్లు గడిచాయి.

మొన్న మేష్టారింటికి వెళ్లాను. శిష్యులెవరో అరుగు మీద పెట్టడానికి చిన్న బోర్డు చేయించమన్నారు, కొలతలు తీసుకుందామని. మేష్టారు వీధి గదిలో ఎవరో అమ్మాయికి పాఠం చెబుతున్నారు. వాళ్లావిడ పెరటి వసారాలో బియ్యం ఏరుతున్నారు. పక్కన కూర్చుని మాటల్లో ఆ రోజు సంగతి ఎత్తి, అద్దం మాట దాకా వచ్చాను. ఆవిడ చేట ఊపడం ఆపారు.

"అద్దమా? ఆయనా? మా ఇంట్లో ఉన్నది నా బొట్టుకని అదిగో, ఆ కిటికీకి వేలాడుతున్న అరచేతంత అద్దం ఒక్కటే బాబూ. గెడ్డం గీసే మనిషి నలభై ఏళ్లుగా అరుగు మీదికే వస్తాడు. నేను కాపరానికొచ్చాక ఆయన అద్దం ముందు నిలబడగా చూడలేదు."

"మరి ఆ రోజు..."

"ఆ రోజు తిరిగొచ్చే ఆటోలోనే చెప్పారు. 'నిచ్చెన మీద కుర్రాడి కాళ్లు వణికిపోతున్నాయే, నేను బాగులేదంటే అక్కణ్ణించి పడిపోయేలా ఉన్నాడు, ఏదో ఒకటి అనాలి కదా, నోటికొచ్చింది అనేశాను' అని." ఆవిడ బియ్యంలోంచి ఒక రాయి తీసి పక్కకి విసిరారు. "ఇంటికొచ్చాక మాత్రం ఆ పూట సరిగ్గా అన్నం తినలేదు. 'వీణతో ఉన్నది ఒక్క ఫొటోనే, అదీ అలాగయింది' అన్నారు. మళ్లీ ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. టీ పెట్టమంటావా?"

టీ తాగాను. చల్లారిపోయిందనుకుంటాను, రుచి తెలియలేదు. వెళ్లేటప్పుడు వీధి గదిలోంచి మేష్టారు తలెత్తి "ఏరా, కొలతలు సరిగ్గా తీసుకున్నావా?" అన్నారు. తీసుకున్నానండీ అన్నాను. ఇంకేదో అడగాలని గుమ్మంలో నిలబడ్డాను, క్షమించమనాలో నమస్కారం పెట్టాలో తేలలేదు. ఆయన అప్పటికే ఆ అమ్మాయి వేలు సరైన మెట్టు మీదికి జరుపుతున్నారు. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

బస్సులో కిటికీ పక్కనే సీటు దొరికింది. నడుం నొప్పి, ఎండ, దారి పొడుగునా మేము కొట్టిన ఫ్లెక్సులు. ఇదే దారిలో ఇరవై మూడేళ్ల ఒక కుర్రాడు, మేష్టారికి నేను నచ్చాను, నా పని నచ్చింది అనుకుని ఈల వేసుకుంటూ పోయాడు. వాడి పక్కన కూర్చుని నిజం చెప్పేద్దామా అని కాసేపు అనిపించింది. మేష్టారే చెప్పలేదు, నేనెందుకు చెప్పడం అని ఊరుకున్నాను.